గమనం – జడత్వం

వెలికొండ, నల్లమల కొండల చేరువలో ఉన్న చంద్రశేఖరపురం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు మెట్టసేద్యానికి పేరుపొందినవి. ఒంగోలు జాతి ఎడ్లకు పుట్టినిల్లయిన ఈ ప్రకాశం సీమలో తిరునాళ్ళు వచ్చాయంటే బండలాగుడు పోటీలు చూడడానికి జనం తండోపతండాలుగా తరలివస్తారు. పళ్ళను బట్టి ఎడ్లను విభాగాలుగా చేసి పోటీలు నిర్వహిస్తారు. నిర్ణీత సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు.

ఈ పోటీలో ఒక విశేషం కనిపిస్తుంది. నిలిచి ఉన్న బండను కదిలించేటప్పుడే ఎడ్లు అధికంగా శ్రమిస్తాయి. మెడలు వంచి, గిట్టలు నేలలో దిగబడేలా తన్నిపట్టి లాగుతాయి. బండ ఒకసారి కదిలిన తరువాత లాగడం కొంత సులువవుతుంది. ఇందుకు కారణాలు రెండు. ఆగి ఉన్న బండను కదలనీయకుండా నేల పట్టి ఉంచే ఘర్షణ, జారుతున్న బండపై పనిచేసే ఘర్షణ కంటే ఎక్కువ. అదీగాక, నిశ్చలంగా ఉన్న వస్తువు తనంతట తాను కదలదు. ఉన్న స్థితిలోనే కొనసాగే ఈ స్వభావాన్ని ‘జడత్వం’ అంటారు. ద్రవ్యరాశి పెరిగినకొద్దీ జడత్వమూ పెరుగుతుంది. ఘర్షణ ఒక బలం. జడత్వం బలం కాదు, పదార్థానికి సహజమైన గుణం.

‘జడం’ అనగానే కదలిక లేనిదన్న అర్థమే మనసుకు తోస్తుంది. కాని కదులుతున్న వస్తువు తనంతట తాను ఆగకపోవడం కూడా జడత్వమే. ఎడ్లు నిలిస్తే బండ నిలుస్తున్నది కదా అన్న సందేహం సహజం. బలం లేనిదే చలనం కొనసాగదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడా భావించాడు. ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో వాలుతలాలపై గోళాలను దొర్లించి, ఆ భావన సరికాదని గ్రహించాడు. బండను ఆపుతున్నది ఎడ్ల నిలుపుదల కాదు, నేల ఘర్షణ. బాహ్యబలం పనిచేయనంత వరకు నిశ్చలంగా ఉన్నది నిశ్చలంగానే ఉంటుందని, చలిస్తున్నది అదే వేగంతో సరళరేఖలో సాగిపోతుందని 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో న్యూటన్ నియమంగా ప్రతిపాదించాడు.

ఆంధ్ర మహాభాగవతం పంచమ స్కంధంలోని జడభరతుని కథ ఇక్కడ స్మరణీయం. రహూగణ మహారాజు పల్లకిని మోస్తున్న జడభరతుడు, కాలికింద ప్రాణులు నలిగిపోకూడదని చూసిచూసి అడుగు వేస్తాడు. తక్కిన బోయీల నడకతో అతని నడక కలియక పల్లకి కుదుపులకు లోనవుతుంది. పల్లకి వేగం మారుతుంది. లోపలి రాజు శరీరం మాత్రం పూర్వవేగంతోనే సాగబోతుంది. రాజును విసిగించిన కుదుపులో ఉన్నది ఈ జడత్వమే.

నేటి రహదారిపై ఇదే కుదుపు ప్రాణాంతకం కాగలదు. బ్రేకు వేయగానే బండి ఆగిపోతుందన్న నమ్మకం ప్రమాదకరమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు, అడ్డంకిని చూసి బ్రేకు వేయడానికి పట్టే ఒక్క సెకనులోనే సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. వేగం రెట్టింపయితే, బ్రేకు వేసిన తరువాత ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం సుమారు 14 మీటర్ల ఎత్తునుంచి నేలపై పడడంతో సమానం.

గిద్దలూరు – నంద్యాల ఘాట్ రోడ్డు మలుపులలో ప్రయాణికులు ఒక పక్కకు ఒరగడం కూడా జడత్వ ఫలితమే. వాహనం మలుపు తిరిగినా శరీరం తిన్నగా పోజూస్తుంది. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న ఆటోలో ద్రవ్యరాశి ఎక్కువ గనుక దానిని ఆపడమూ, మళ్ళించడమూ మరింత కష్టం.

ఈ ప్రమాదాన్ని తగ్గించే సాధనాలను విజ్ఞానమే అందించింది. 1959లో స్వీడన్ ఇంజినీరు నిల్స్ బోలిన్ వోల్వో సంస్థకోసం భుజాన్నీ, నడుమునూ పట్టి ఉంచే సీటు బెల్టును రూపొందించాడు. హెల్మెట్ లోపలి మెత్తని పొర నలుగుతూ, తల ఆగే వ్యవధిని పెంచి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెట్ ధారణను విధిగా నిర్దేశించింది. ప్రకృతి నియమానికి యువకుడనీ, నేర్పరి అనీ భేదం లేదు. ఆ నియమాన్ని తెలిసి మెలగడమే చదువుకు ప్రయోజనం.

ప్రశ్నలు

1. బండను మొదట కదిలించడం ఎందుకు కష్టం?
2. జడభరతుని కథలోని కుదుపును జడత్వంతో సమన్వయించండి.
3. వాహన చోదకులు జడత్వాన్ని ఎందుకు గుర్తుంచుకోవాలో వివరించండి.