చర్చ చూసే రాత్రికి ఏం వండాలి?

2025 ఆగస్టు 31, ఆదివారం. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు మీద జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ ఇచ్చిన నివేదికపై తెలంగాణ అసెంబ్లీలో చర్చ. అటు నీటిపారుదల మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి, ఇటు ఒకప్పుడు అదే శాఖ చూసిన సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు. భోజనాల వేళ దాటింది, అర్ధరాత్రీ దాటింది. తేదీ సెప్టెంబర్ 1కి మారాక గానీ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సీబీఐ విచారణ ప్రకటించలేదు.

ఇలాంటి రాత్రి ఓ పదిమంది దోస్తులను ఇంటికి పిలిచి, టీవీ పెట్టి, అన్నం పెట్టాలనుకున్నారా? చాలా మంచి ఆలోచన. కాకపోతే ఏం వండాలన్నది ఆ పూట తోచినట్టు తేల్చేసే విషయం కాదు. దాన్నిబట్టే మీరు ఆ రాత్రి ఎక్కడ ఉంటారో తేలిపోతుంది: పొయ్యి దగ్గరా, దోస్తుల మధ్యనా? పిలిచిన మనిషి గదిలో ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతా లెక్కలన్నీ దీని వెంటే వస్తాయి.

ఇబ్రహీంపూర్ సంగతే తీసుకోండి. సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట మండలంలో ఉంది ఈ ఊరు. హరీశ్‌రావు దత్తత తీసుకున్న గ్రామం. 2016లో పెద్దనోట్ల రద్దు తర్వాత నగదు రహిత గ్రామంగా పేపర్లకెక్కింది. ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వుకుని చూపించిన ఊరు. ఇక్కడ నీళ్ల మీద చర్చ అంటే హైదరాబాద్ ముచ్చట కాదు, ఇంటి ముచ్చట. మీ చాప మీద కూర్చునేవాళ్లలో ఒకరికి రంగనాయక సాగర్ కాలువ కింద పొలం ఉండొచ్చు. రెండో పంట పండుతోందని అతనికి ప్రాజెక్టు మీద ప్రాణం. పక్కనే కూర్చున్న బావ అత్తగారి ఊరు 50 టీఎంసీల మల్లన్న సాగర్ జలాశయం కింద మునిగి, ఆ ఇంటివాళ్లు గజ్వేల్ దగ్గర కాలనీకి మారి ఉండొచ్చు. ఒకే ప్రాజెక్టు ఒకరికి పంట, ఇంకొకరికి పోయిన ఇల్లు. ఇద్దరూ మీకు కావలసినవాళ్లే. తెర మీద మేడిగడ్డ బ్యారేజీ బొమ్మ రాగానే, 2023 అక్టోబర్‌లో కుంగిన ఆ పియర్లను చూడగానే, ఎవరి గొంతు పెరుగుతుందో, ఎవరు మాట ఆపేసి కిందికి చూస్తారో మీరు గమనించాలి. మూకుడు ముందు నిలబడి అది గమనించలేరు.

అందుకని ముందు కాలం లెక్క వేసుకోండి. అమెరికాలో 2024 సెప్టెంబర్ 10న అధ్యక్ష అభ్యర్థులు హ్యారిస్, ట్రంప్ వాదించుకున్నప్పుడు అది 90 నిమిషాల కార్యక్రమమని ముందే చెప్పారు, నడుమ రెండు ప్రకటనల విరామాలు. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు అది రాత్రి ఎనిమిదింటికి, అంటే సరిగ్గా భోజనాల వేళకు మొదలైంది. విరామంలో లేచి కూర వడ్డించుకోవచ్చు. అదే సమయానికి ఇక్కడ పొద్దున ఆరున్నర, చాయ్ పొద్దు. మన అసెంబ్లీ చర్చకు ఆ హద్దు లేదు. ఎప్పుడు ముగుస్తుందో సభలో ఉన్నవాళ్లకే తెలియదు. కనుక వేడిగా తింటేనే రుచి అనిపించే వంటకం ఒక్కటి చాలు, మిగతావన్నీ చల్లారినా బాగుండాలి.

ఆ ఒక్కటీ మక్క గారెలు కావాలి. ఆగస్టు ఆఖరు అంటే మక్క కంకుల కాలం. మరీ లేత పాలకంకి వద్దు, పిండి నీరు కారుతుంది. గింజ మీద గోరు నొక్కితే కాస్త బిగువు తగలాలి, అలాంటి కంకి తీసుకోండి. గింజలు ఒలిచి పచ్చిమిర్చి, ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు వేసి బరకగా రుబ్బండి, చుక్క నీళ్లు పోయొద్దు. ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర తర్వాత కలపండి. రుబ్బిన పిండి ఎక్కువసేపు ఉంచితే నీరు వదులుతుంది, గారె నూనెలో విడిపోతుంది. కాబట్టి మనుషులు వచ్చే ముందు రుబ్బి, వచ్చిన అరగంటలో కాల్చి, పొయ్యి ఆర్పేయండి. అది ఆర్పాక మళ్లీ ముట్టించొద్దు, చాయ్‌కి తప్ప.

తక్కినవి పగటిపూట పనులు. పొద్దున నానబెట్టిన బొబ్బర్లు సాయంత్రం ఉడికించి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే గుడాలు. అవి పది గంటలకు తిన్నా, పన్నెండుకు తిన్నా ఒకటే. సర్వపిండి మధ్యాహ్నమే కాల్చి పెట్టుకోవచ్చు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నె అడుగున అద్ది, వేలితో తూట్లు పెట్టి, సన్నని సెగ మీద మగ్గించిన ఆ ముక్కను ఒక చేత్తో పట్టుకుని, కళ్లు టీవీ మీంచి తిప్పకుండా తినొచ్చు. ఈ గుణం చిన్నదేం కాదు. పళ్లెం వంక చూడక తప్పని తిండి ఈ రాత్రికి పనికిరాదు. ముల్లున్న చేప, ఎముక తీయాల్సిన ముక్క వేరే ఆదివారానికి ఉంచుకోండి.

అసలు నీసు సంగతి ముందే అడగాలి. ఆ ఆదివారం వినాయక నవరాత్రుల్లో ఐదో రోజు. వాడకట్టులో గణపతిని కూర్చోబెట్టినవాళ్లు, మొక్కు ఉన్నవాళ్లు ముట్టరు. "అన్నా, నువ్వు ఈ తొమ్మిది రోజులు తింటవా?" అని ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేదానికి, మనిషి వచ్చి కూర్చున్నాక ఇబ్బంది పెట్టడం ఎందుకు? అందరికీ కలిపి బగారా అన్నం, పచ్చి పులుసు, ఒక వంకాయ కూర చాలు. పదిమందికి కిలోంబావు బియ్యం సరిపోతుంది, చిరుతిండి ముందే పడుతుంది కదా. షుగర్ ఉన్నవాళ్లకు రెండు జొన్న రొట్టెలు. మందు వద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు: పంట గురించీ ముంపు గురించీ మాట్లాడుకునే రాత్రి ప్రతి మనిషీ తన మాటకు తాను బాధ్యుడిగా ఉండాలి.

అన్నం ఎనిమిదిన్నరకల్లా పెట్టేయండి. ఆకలితో ఉన్నవాడు ఎదుటివాడి మాట సగమే వింటాడు. పెద్దవాళ్లకు, పిల్లలకు అంతకన్నా ముందే. వంట మొత్తం ఇంటావిడ మీద వేసి, చర్చ మగవాళ్ల పాలు చేసే అలవాటు ఉంటే ఈ రాత్రితో మానేయండి. ఆమెకూ ఓటుంది, బోరు ఎండిన ఏడు బిందె మోసింది ఆమే. ఉల్లిగడ్డ తరగడం, రొట్టె కాల్చడం ఇద్దరూ పంచుకుంటే, మొదటి మంత్రి లేచేసరికి ఇద్దరూ గదిలో ఉంటారు.

ఇక వాదం ముదిరినప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటుంది. "బావా, గవన్నీ ఎందుకు గాని, ఇంకో గారె ఏసుకో" అంటాం. ప్రేమతోనే అంటాం. అయినా అది అతని నోరు మూయించడమే. చెప్పక చెప్పక తన ఊరు మునిగిన సంగతి చెప్పబోతున్న మనిషి చేతిలో గారె పెడితే, ఆ మాట ఇంక ఎప్పటికీ బయటికి రాకపోవచ్చు. ఆ క్షణంలో వడ్డించొద్దు. రిమోట్ తీసుకుని టీవీ గొంతు తగ్గించండి. "చెప్పు బావా" అనండి. కాలువ కింద పొలం ఉన్న దోస్తు అడ్డు తగిలితే, "నీ వంతు వస్తది, జర ఆగు" అని మెల్లగా చెప్పండి. తర్వాత అతని వంతు నిజంగా ఇవ్వండి, నీళ్లొచ్చిన సంతోషం కూడా అబద్ధం కాదు. ప్రత్యక్ష ప్రసారంలో నాలుగు నిమిషాలు పోతే పోనీయండి, వాటిని రేపు ఫోన్‌లో చూసుకోవచ్చు.

పదకొండు దాటాక చాయ్ ఒకసారి, అడిగినవాళ్లకు చల్ల. తెల్లారి పాలు పిండాల్సినవాళ్లు, మొదటి బస్సు ఎక్కాల్సినవాళ్లు లేస్తే "ఇంకాసేపు" అని పట్టుకోవద్దు. మిగిలిన సర్వపిండి కాగితంలో చుట్టి ఇవ్వండి. ఖర్చు పంచుకునే మాటైతే పిలిచినప్పుడే చెప్పేయండి, ఫోన్‌లో ఎవరి వాటా వాళ్లు ముందే పంపేస్తే ఆ రాత్రి లెక్కల ఊసు రాదు.

తెల్లారి మీరు చేయాల్సిన ఫోన్ మాత్రం ఒకటుంది. గొంతు పెంచినవాడికి కాదు, అతను తనంతట తానే చేస్తాడు. చర్చ నడుస్తుండగా చల్లగా లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయిన మనిషి ఉంటే, మధ్యాహ్నంలోపు అతనికి చేయండి. నిన్నటి చర్చలో ఎవరు గెలిచారని అడగొద్దు. మునిగిన ఆ ఊళ్లో వాళ్ల ఇల్లు ఏ పక్కన ఉండేదో అడగండి.