రౌటర్‌కి పెట్టిన హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది!

ప్రశ్న: పెళ్లి ఫొటోలు, సినిమాలు ఉన్న 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌ని టీవీలో చూద్దామని రౌటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకి పెట్టాం. కాసేపు బాగానే వస్తుంది, సినిమా మధ్యలో మాయమైపోతుంది. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. లాప్‌టాప్‌కి పెడితే మాత్రం ఏ గొడవా లేదు. డిస్క్ పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: లాప్‌టాప్‌లో నిక్షేపంలా నడుస్తోందని మీరే రాశారు కదండీ, సగం జవాబు అందులోనే ఉంది. చాలామటుకు ఇది కరెంటు చాలకపోవడమే. డిస్క్ మీద వేలు ఆనించి చూడండి. సన్నగా వణుకు మొదలై, టిక్కుమని ఆగిపోయి, మళ్లీ మొదలవుతోందా? లోపలి పళ్లెం తిరగడానికి బలం చాలక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట.

ఇలాంటి డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు 1 ఆంపియర్ దాకా లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. పైగా రౌటర్ అడాప్టర్ మీద సన్న అక్షరాల్లో ఏముందో చదవండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే మొత్తం 12 వాట్లు. వైఫై, ప్రాసెసర్, ఈ డిస్క్ అన్నీ ఆ 12 వాట్లలోనే సర్దుకోవాలి.

దీనికి మందు, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్. హబ్‌ని రౌటర్‌కి, డిస్క్‌ని హబ్‌కి పెట్టండి. ముందుగా పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది: డిస్క్ తీసేసి మామూలు పెన్‌డ్రైవ్ పెట్టి ఓ సినిమా చూడండి. అది చివరిదాకా ఆడితే పోర్టు మంచిదే, లోటు కరెంటుదే. ఇంట్లో పడున్న వేరే అడాప్టర్ తెచ్చి రౌటర్‌కి తగిలించే ప్రయోగం మాత్రం వద్దు. వోల్టులు తేడా వస్తే రౌటరే కాలిపోతుంది. అదే చప్పుడు లాప్‌టాప్‌లోనూ మొదలైతే కథ వేరు. అప్పుడు రిపేర్లేవీ చేయకుండా ముందు ఫొటోలు కాపీ చేసుకోండి.

మీరు అడగకపోయినా ఓ మాట. ఆ పెళ్లి ఫొటోలకి అదొక్కటే కాపీ అయితే రౌటర్ దగ్గర పెట్టకండి, సినిమాలకి వేరే డిస్క్ చూసుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో రౌటర్ ఆగి మళ్లీ లేవచ్చు. సరిగ్గా అప్పుడే డిస్క్ మీద ఏదైనా రాస్తూ ఉంటే ఫైల్ సిస్టమ్ చెదురుతుంది. ఆ తర్వాత కొన్ని రౌటర్లు దాన్ని చదవనిస్తాయి గానీ రాయనివ్వవు. అలా అయితే విండోస్ లాప్‌టాప్‌కి పెట్టి, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద ఉండే ‘చెక్’ నొక్కండి.

ప్రశ్న: రౌటర్‌కి పెట్టిన డిస్క్ ఫోన్లో తెరుచుకుంటోంది, విండోస్ 11 లాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదు. ఎస్ఎంబీ1 ఆన్ చేయమని స్నేహితుడు అంటున్నాడు. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దండీ. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఆ పాత పద్ధతి ఎస్ఎంబీ1లోని కంత గుండానే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ దాన్ని ఇవ్వడం మెల్లగా మానేస్తూ వచ్చింది. ఊరికే మానలేదు కదా!

ముందు ‘నెట్‌వర్క్’ ఫోల్డర్‌లో వెతకడం ఆపి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ గడిలో రెండు వెనక్కి వాలిన గీతలు కొట్టి, రౌటర్ నంబర్ టైప్ చేయండి. అది ఎక్కువగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ ఉంటుంది. అక్కడా రాకపోతే రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లి, పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రానిచ్చే గెస్ట్ ప్రవేశాన్ని తీసేసి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. ఈమధ్య వచ్చిన విండోస్‌లకి తాళం లేని ఇంట్లోకి వెళ్లడం ఇష్టం లేదు. అదే పేజీలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసేయండి. కొన్ని రౌటర్లకి ఎస్ఎంబీ2 దాంతోనే వస్తుంది. అప్పటికీ రౌటర్‌కి ఎస్ఎంబీ1 తప్ప రాదని తేలితే, ఇంట్లో వరకూ ఎఫ్‌టీపీ ఆన్ చేసి ఫైల్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో వాడుకోండి. దాన్ని బయటి ఇంటర్నెట్‌కి మాత్రం తెరవకండి.

ప్రశ్న: రౌటర్‌కి కొత్త యూఎస్‌బీ 3.0 డిస్క్ పెట్టిన దగ్గర్నుంచీ పక్క గదిలో వైఫై తెగుతోంది. సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది. యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే రాసింది. డిస్క్‌ని యాంటెన్నాలకి దూరంగా జరపండి. రౌటర్ సెట్టింగుల్లో యూఎస్‌బీని 2.0కి దించే వీలుంటే దించేయండి, సినిమాలకి ఆ వేగం పుష్కలం. ఫోను, టీవీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకున్నా సరే.

ప్రశ్న: రౌటర్‌కి పెట్టిన డ్రైవ్‌లోకి చిన్న ఫైళ్లు ఎక్కుతున్నాయి, 6 జీబీ సినిమా ఎక్కట్లేదు. చోటు బోలెడుంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలూ 4 జీబీ దాటకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్ మాత్రం వద్దు, పాత రౌటర్లు చాలావాటికి దాని మొహం తెలియదు. ఫార్మాట్ కొడితే ఉన్నదంతా పోతుంది కాబట్టి, ఆ చిన్న ఫైళ్లన్నీ ముందు లాప్‌టాప్‌లోకి దించుకోండి.