చూడని బండికి బయానా

సంతలో ఎద్దును కొనబోవు రైతు మొదట పండ్లు పట్టి చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి, వీలైనచో కాడి కట్టి చూచును. ఊరివారిని నలుగురిని ప్రక్కన నిలుపుకొనిన గాని పైకము చెల్లింపడు. ఇంత జాగరూకత గల రైతే నేడు సెల్ ఫోనులో ఒక బొమ్మను చూచి, మోమెరుగని మనుష్యునికి, తాకి చూడని కారు నిమిత్తమో ట్రాక్టరు నిమిత్తమో వేలకొలది రూపాయలు పంపుచున్నాడు. ఇట్టి మోసములు జరుగు విధమెట్టిది, వీనివలన నిజముగా అమ్మదలచినవారికి గలుగు కష్టములేవి, మనము తీసికొనదగిన జాగ్రత్తలేవి అను సంగతులను ఈ పాఠమున వివరింపబూనితిమి.

దూరపు వేలములు

అమెరికా దేశమున 1995వ సంవత్సరములో ఈబే అను వేలపు అంగడి ఇంటర్నెట్టునందు వెలసినది. అంగడివారు అమ్మువానిని కొనువానిని కలిపి రుసుము తీసికొందురు. ఇరువురును ఒకరినొకరు చూడరు గనుక, బేరము ముగిసిన పిమ్మట ఒకరినిగూర్చి యొకరు మంచిచెడ్డలు వ్రాయు పద్ధతిని ఏర్పరచిరి. పదిమంది మెచ్చిన వానిని పదునొకండవవాడు నమ్మును. చిన్న వస్తువుల విషయమున ఈ పద్ధతి చాలవరకు పని చేసినది. కాని కారు సంగతి వేరు. దాని వెల హెచ్చు. ఒక పాత కారు స్థితి మరియొక పాత కారున కుండదు. బొమ్మలో ఇంజను చప్పుడు వినబడదు. కావుననే మోసగాండ్ర కన్ను దీనిపై బడినది.

అలెగ్జాండ్రియా ముఠా

రుమేనియా దేశములో అలెగ్జాండ్రియా యను పట్టణము గలదు. అచట కేంద్రముగా నున్న యొక ముఠాపై తెచ్చిన అభియోగములను అమెరికా న్యాయశాఖవారు 2019 ఫిబ్రవరిలో వెల్లడించిరి. నిందితులు 20 మంది. మోసపోయిన అమెరికనులు 900 మందికి తక్కువ కారని ఆ శాఖవారు తెలిపిరి. వీరు ఈబే మొదలగు చోట్ల లేని కార్లకు ప్రకటనలు వేసిరి. తాము సైనికులమనియు, దూరదేశమునకు పోవలసి వచ్చినందున త్వరగా అమ్ముచున్నామనియు చెప్పిరి. పేరుగల సంస్థల ముద్రలతో దొంగ బిల్లులు పంపిరి. అనుమానించి ఫోను చేసిన వారికి, అంగడివారి సహాయకులమని నటించుచు ముఠావారే బదులు చెప్పిరి. వచ్చిన సొమ్మును బిట్‌కాయినుగా మార్చి దేశము దాటించిరి. ఆ మార్పిడికి తోడ్పడిన బల్గేరియా దేశపు వ్యాపారి యొకనికి 2021లో 121 నెలల చెరసాల విధింపబడినది.

ఈ కథ మన చెవికి క్రొత్తది కాదు. మన దేశమునను ఇదే వేషము నడుచుచున్నది. సైన్యోద్యోగిననియు, బదిలీ యైనదనియు, బండిని చౌకగా నిత్తుననియు చెప్పి, దొంగ గుర్తింపు కార్డు బొమ్మ పంపి, ముందుగా రవాణా ఖర్చని కొంత, పన్నని కొంత, మరల తిరిగి వచ్చు డిపాజిట్టని కొంత లాగుదురు. సైనికుని యెడల మనకు గల గౌరవమే వాని పెట్టుబడి.

మంచి అమ్మకందారు పడు పాట్లు

మోసపోయిన కొనుగోలుదారుకే నష్టమని తలపరాదు. 1970లో జార్జి అకర్లాఫ్ అను అర్థశాస్త్రవేత్త పాత కార్ల విపణినిగూర్చి ఒక వ్యాసము వ్రాసెను. దాని సారమిది: మంచిబండికిని చెడ్డబండికిని భేదము కొనువానికి తెలియనప్పుడు, వాడు రెంటికిని నడిమి ధరయే ఇచ్చును. ఆ ధర మంచిబండి గలవానికి గిట్టదు. వాడు విపణిని విడిచిపోవును. చెడ్డబండ్లు మిగులును, ధర మరింత దిగును. ఈ పరిశోధనకుగాను ఆయన 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమానము నందెను. పత్తికి నీరు చల్లువారు కొందరున్నను, బస్తీ వ్యాపారి అందరి పత్తికిని ధర తగ్గించుట మన మెరిగినదే గదా! న్యాయమూర్తి యెదుట నిలువని ఈ నష్టము నిజాయితీపరులందరు పంచుకొనుచున్నారు.

వేలమున హెచ్చు పాట పాడి సొమ్ము కట్టక మాయమగువారు అమ్మకందారునకు మరియొక తలనొప్పి. 2008లో ఈబేవారు, కొనువారినిగూర్చి అమ్మువారు చెడుగా వ్రాయు వీలును తీసివేసిరి. అమ్మువారి ప్రతీకారమునకు జడిసి కొనువారు నిజము వ్రాయకున్నారని వారి వాదము; తమ నోరు కట్టివేసిరని అమ్మకందార్ల మొర. రెండు మాటలలోను కొంత సత్యము లేకపోలేదు.

మనలో బండి యమ్మబోవు రైతునకు ఇంకొక గండము కలదు. బేరమాడక అడిగిన ధరకే ఒప్పుకొన్నవాడు, "పైకము పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడును స్కాను చేసి పిన్ నొక్కుడు" అనును. నొక్కినతోడనే సొమ్ము మన ఖాతా నుండియే పోవును. యూపీఐలో పైకము పుచ్చుకొనుటకు పిన్ ఎన్నడును అక్కరలేదు. పిన్ నొక్కుట యనగా మనము చెల్లించుటయే. ఈ ఒక్క మాటను ఇంటిల్లిపాదికిని కంఠస్థము చేయించవలెను.

కాగితము మారనిదే అమ్మకము ముగియదు

సొమ్ము చేతికి వచ్చినంత మాత్రమున అమ్మువాని బాధ్యత తీరదు. 2009లో జరిగిన యొక కారు ప్రమాదముపై 2018లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఆ కారు అప్పటికే పలు చేతులు మారినది. కాని రికార్డులలో మొదటివాని పేరే నిలిచియున్నది. నష్టపరిహారపు బాధ్యత రికార్డులో పేరున్నవానిదే యని కోర్టువారు నిర్ణయించిరి. బండిని ఎన్నడో యమ్మి మరచిన రైతు, ఎవరో చేసిన ప్రమాదమునకు పొలమమ్ముకొనవలసి వచ్చుట ఎంత ఘోరము!

కావున ఈ క్రింది నియమములను మరువరాదు.

1. బండిని కన్నులార చూడక, తెలిసిన మెకానిక్కుచే నడిపించక, బయానా యొక్క రూపాయియైన నీయరాదు.

2. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నెంబర్లను బండిపై నున్న వానితో పోల్చి చూడవలెను. యజమాని పేరు, అప్పు ఉన్నదీ లేనిదీ ప్రభుత్వమువారి ఎం-పరివాహన్ మూలమున విచారింపవలెను. అప్పు తీరినచో బ్యాంకువారి పత్రమును, 35వ నమూనా ఫారమును కోరవలెను.

3. అమ్మకమైనప్పుడు 29, 30 నమూనా ఫారములపై సంతకములు చేయవలెను. ఖాళీ ఫారముపై సంతకము చేసి యొసగరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవాడు, అదే రాష్ట్రములోని బండియైనచో, 14 దినములలో రవాణా శాఖకు తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో తెలుపవలెను.

4. సొమ్ము చేరినదని చూపు ఫోటోను, సందేశమును నమ్మరాదు. ఖాతాలో నిలువను చూచుకొనిన పిమ్మటనే తాళము లీయవలెను.

5. మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనక, ఆలసింపక 1930 నెంబరునకు ఫోను చేయవలెను. మోసగాడు సొమ్ము తీసికొనకముందే తెలిసినచో బ్యాంకులు దానిని నిలుపగలవు.

సంఘము చేయదగిన పని

1844లో ఇంగ్లాండునందలి రాచ్‌డేల్ పట్టణపు నేతగాండ్రు తమ సహకార దుకాణమును తెరచినప్పుడు, కల్తీలేని సరకు, సరియైన తూకము అనువానినే తమ బలముగా చేసికొనిరి. పరిచయము లేని విపణిలో నమ్మకమును నిలుపుటయే సహకారోద్యమపు మొదటి పని. బండి యమ్మదలచిన సభ్యుడు ఆ సంగతిని సంఘ కార్యాలయమున వ్రాయించినచో, కొనదలచినవాడు అచటనే తెలిసికొనవచ్చును. దూరపు బండిని చూడబోవు సభ్యునకు తోడుగా అనుభవజ్ఞు లిద్దరు వెళ్ళుట ఆచారముగా నేర్పడవచ్చును. ఇందులకు పెట్టుబడి యక్కరలేదు. ఒక నోటు పుస్తకమును, ఇరుగుపొరుగుల మంచితనమును చాలును.

ఎద్దు పండ్లు చూచిన కన్నులు మనకు నేటికిని ఉన్నవి. ఫోను చేతికి వచ్చినదని వానిని మూసికొనవలదని సభ్యులను కోరుచున్నాము.