పేరు నాదే, అప్పు నాది కాదు!

ప్రశ్న: నా పేరు కె.శ్రీనివాసరావు. ఇంటి లోను కోసం వెళ్తే, నేనెన్నడూ తీసుకోని బైక్ లోను బకాయి ఉందంటూ తిప్పి పంపారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: కంగారు పడకండి. మీ పేరున్నవాళ్లు మన జిల్లాల్లో వీధికొకరుంటారు. ‘కె’ అంటే కొల్లా, కోటా, కంచర్లా తెలియదు. పాన్, పుట్టినతేదీ సరిగా నమోదు కాకపోతే ఒకరి అప్పు మరొకరి ఖాతాలో పడుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు.

ముందు క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాల్సిందే. వ్యక్తిగత వివరాల్లో మీది కాని చిరునామా, ఫోన్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఉంటే అదే బలమైన ఆధారం. ‘ఈ ఖాతా నాది కాదు’ అని రిపోర్టు ఇచ్చిన సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. అప్పిచ్చిన సంస్థకూ పాన్ నకలు జతచేసి రాయండి. వాళ్లు ధ్రువీకరించనిదే రిపోర్టు మారదు. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపై రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం చెల్లించాలి. అప్పటికీ కదలిక లేకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.

ఇకపై ప్రతి దరఖాస్తులో ఇంటిపేరు పూర్తిగా రాయండి. ఒక్కటి మాత్రం మరవొద్దు: పని త్వరగా అవుతుందని ఆ బకాయి మీరు కట్టేయకండి. కడితే అప్పు మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది.