పాత జీపుకు వెడల్పు టైర్లా? కొనే ముందు కొలవండి!

కొబ్బరి దింపు ఒక ఎత్తు, దింపిన కాయలు రోడ్డెక్కించడం మరో ఎత్తు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తోటల బాటలు చాలాచోట్ల ఇసుకే. హరిశ్చంద్రపురం, టెక్కలి వైపు పొలం బాటలయితే వానాకాలంలో బురద. సన్న టైర్ల పాత జీపు ఉన్న రైతుకు బండి కూరుకుపోవడం కొత్త కాదు. దాంతో ‘వెడల్పు టైర్లు వేసేస్తే సరి’ అని సెకండ్‌హ్యాండ్ రిమ్ములు, టైర్లు తెచ్చి బిగించేస్తుంటారు. ఖాళీ బండి బాగానే తిరుగుతుంది. లోడు వేసి మలుపు తిప్పేసరికి కర్రుమని రాపిడి మొదలవుతుంది.

‘చక్రం ఎక్కింది కదా, ఇంకేటి’ అనుకోవద్దు. రాపిడికి టైరు పక్కగోడ పలచబడుతుంది. ఎండలో, లోడు మీద, జాతీయ రహదారిపై అది పేలితే ప్రాణాల మీదకు వస్తుంది. అందుకే డబ్బు ఇచ్చే ముందే స్కేలు పట్టుకోవాలి.

జీపు చక్రం లెక్క

మన పాత మహీంద్రా జీపు అమెరికా విల్లీస్ జీపు నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన ఆ జీపుకు 6.00-16 టైరు, నాలుగున్నర అంగుళాల వెడల్పు రిమ్ము, అయిదు స్టడ్లు ఉండేవి. అదే కొలత మన పాత జీపులకూ వచ్చింది. 6.00 అంటే టైరు వెడల్పు సుమారు 6 అంగుళాలు, అంటే 152 మి.మీ. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో.

ఇప్పుడు ఎక్కువమంది అడిగేది 215/75 ఆర్ 15. ఇందులో 215 టైరు వెడల్పు మి.మీ.లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు, అంటే 161 మి.మీ. 15 రిమ్ము అంగుళాలు. రెండు పక్కగోడలు, రిమ్ము కలిపితే చక్రం ఎత్తు సుమారు 703 మి.మీ. పాత 6.00-16 ఎత్తు 28 నుంచి 29 అంగుళాలు, అంటే 711 నుంచి 737 మి.మీ. కాబట్టి కొత్త చక్రం ఎత్తు పెరగదు, కాస్త తగ్గుతుంది. పెరిగేదల్లా వెడల్పు. మొత్తం 63 మి.మీ., పక్కకు 31 చొప్పున. ఆ 31 మి.మీ.కు లోపల చోటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆఫ్‌సెట్ అంటే

రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమి గీత ఒకటి ఊహించుకోండి. రిమ్ము డిస్కు హబ్బుకు ఆనే చోటుకూ ఆ గీతకూ మధ్య దూరాన్నే ఆఫ్‌సెట్ అంటారు. ఆనే చోటు గీతకు బయటివైపు ఉంటే ప్లస్, చక్రం లోపలికి జరుగుతుంది. లోపలివైపు ఉంటే మైనస్, చక్రం బయటికి వస్తుంది.

పై ఉదాహరణే చూద్దాం. పాత రిమ్ము ఆఫ్‌సెట్ సున్నా అనుకుందాం. ప్లస్ 20 రిమ్ము వేస్తే టైరు లోపలికి 31, 20 కలిసి 51 మి.మీ. జరుగుతుంది. కమాను కట్టకు, బ్రేకు పైపుకు తగలొచ్చు. మైనస్ 20 వేస్తే లోపలికి 11 మాత్రమే, బయటికి 51. అప్పుడు మడ్‌గార్డు అంచు తగలొచ్చు, బేరింగుల మీద బరువూ పెరుగుతుంది. ఇప్పటి కార్ల రిమ్ములు చాలావరకు ప్లస్ ఆఫ్‌సెట్‌వే. స్టడ్లు కుదిరినంత మాత్రాన అవి జీపుకు పనికిరావు.

కొనే ముందు నాలుగు కొలతలు

1. స్టడ్ల వృత్తం: అయిదు స్టడ్లకు ఎదురెదురు రంధ్రాలు ఉండవు గనుక ఒక స్టడ్డు నడిమి నుంచి పక్క స్టడ్డు నడిమికి కొలవాలి. 82 మి.మీ. వస్తే వృత్తం 139.7 మి.మీ., అంటే జీపు కొలత అయిదున్నర అంగుళాలు. 67 వస్తే వృత్తం 114.3. అది జీపుకు ఎక్కదు. రంధ్రాలు సాగదీసి ఎక్కించకూడదు.

2. రిమ్ము లోతు: రిమ్మును బోర్లా పెట్టి, వెనుక అంచుల మీద తిన్నని కర్ర అడ్డంగా ఉంచాలి. కర్ర నుంచి హబ్బుకు ఆనే చోటు వరకు కొలవాలి. పాత రిమ్మునూ ఇలాగే కొలవాలి. కొత్తదాని లోతు ఎంత ఎక్కువైతే రిమ్ము అంచు అంత లోపలికి వెళ్తుంది. టైరు ఉబ్బు దీనికి అదనం.

3. లోపలి సందు: ఇప్పుడున్న టైరు పక్కగోడకూ కమాను కట్ట, బ్రేకు పైపు, స్టీరింగు రాడ్డుకూ మధ్య సందు కొలవాలి. స్టీరింగు ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పి కూడా చూడాలి. కొత్త టైరు వేశాక ఎక్కడయినా వేలు దూరేంత ఖాళీ మిగలాలి.

4. లోడు సందు: మామూలుగా మోసే బరువు వేసి, టైరు నెత్తికీ మడ్‌గార్డుకూ ఎంత ఎడం ఉందో కొలవాలి. గోతిలో పడితే బండి ఇంకా దిగుతుందని గుర్తుంచుకోవాలి.

టైరు పక్కగోడ కూడా చదవాలి. 100 అనే లోడు అంకె ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. నాలుగు అంకెల తేదీలో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ.

రాసుకునే చోటు కనిపెట్టాలంటే

ఇప్పటికే రాపిడి ఉంటే మడ్‌గార్డు లోపలి అంచుకు, కమాను పక్కకు తడి సున్నం పూసి ఆరనివ్వాలి. లోడుతో, నెమ్మదిగా, ఖాళీ స్థలంలో రెండు వైపులా తిప్పి చూస్తే సున్నం ఎక్కడ చెరిగిందో అదే రాసుకునే చోటు. మలుపులోనే తగిలితే స్టీరింగు ఆపే బోల్టును మెకానిక్కుతో సరిచేయించాలి. అప్పుడు బండి తిరగడానికి కాస్త ఎక్కువ చోటు కావాలి. లోడుకే తగిలితే ముందు కమాన్లు చూడాలి. ఏళ్ల తరబడి బరువు మోసి చదునైన కమాన్లకు వంపు పట్టించినా, అరిగిన రబ్బరు దిమ్మలు మార్చినా చాలాసార్లు రాపిడి పోతుంది. కమాను పక్కకే రాసుకుంటుంటే ఆ రిమ్ము ఆ బండికి కాదు, మార్చాల్సిందే.

ఇవి చేయకూడదు

లేతు మీద కోయించిన రేకు దిమ్మలు, వాషర్లు రిమ్ము వెనుక పెట్టి చక్రాన్ని బయటికి నెట్టొద్దు. నట్టుకు దొరికే స్టడ్డు పొడవు తగ్గిపోతుంది. అంగుళానికి 20 మరలున్న అర అంగుళం స్టడ్డు అయితే నట్టు కనీసం 10 చుట్లు పట్టాలి. కొన్ని పాత జీపుల్లో ఎడమ చక్రాల నట్లు ఎదురు మర. స్టడ్డు తలపై ‘ఎల్’ గుర్తు చూసి తిప్పాలి. ఒకే ఇరుసు మీద ఒకవైపు రేడియల్, ఇంకోవైపు పాతరకం నైలాన్ టైరు వద్దు. ఫోర్‌వీల్ జీపు అయితే నాలుగు చక్రాలూ ఒకే కొలత ఉండాలి. నట్లు ఎదురెదురుగా బిగించి, 50 కి.మీ. తిరిగాక మళ్లీ బిగించాలి.

బండి తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. రవాణా శాఖ కార్యాలయంలో, బీమా వారి దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇసుక కోసమే అయితే

ఖర్చులేని దారి ఒకటుంది. ఇసుక బాట దిగే ముందు టైర్లలో గాలి కొంత తగ్గించి, నెమ్మదిగా నడపాలి. టైరు నేల మీద ఎక్కువ పరుచుకుని కూరుకోదు. ట్యూబు టైరులో మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. తారురోడ్డు మీద వేగం అందుకునే ముందు గాలి మళ్లీ పట్టి తీరాలి. అందుకని కాలి పంపు, గాలి మీటరు బండిలోనే ఉంచుకోవాలి. కాయలు ఒక్క ట్రిప్పులో కాకుండా రెండు ట్రిప్పుల్లో తోలితే ఇసుక బాధ ఇంకా తగ్గుతుంది. ఈ రెండూ చేసి చూశాక కూడా వెడల్పు టైరు కావాలనిపిస్తే, అప్పుడు స్కేలు, తిన్నని కర్ర పట్టుకుని రిమ్ముల కొట్టుకు వెళ్లండి. ఒక్క చక్రం తొడిగి, లోడు వేసి, పూర్తిగా తిప్పి చూపించాకే మిగతా మూడింటికీ డబ్బివ్వండి.