పాత బండి – కొత్త యజమాని

తూర్పు కనుమలలోని అరకులోయ, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో పికప్ బండి అనేక కుటుంబాలకు జీవనాధారం. అల్లం, పసుపు, మిరియాలు, కూరగాయలు వారపు సంతలకు చేరేది ఇటువంటి బండ్లపైనే. కొన్నేళ్లు నడిపిన బండిని మరొకరికి విక్రయించడం ఇక్కడ సామాన్యమైన వ్యవహారం. అయితే ధర కుదరడంతోనే అది ముగిసిపోదు.

మైదానంలో తిరిగిన బండి కన్నా ఘాట్ రోడ్డుపై తిరిగిన బండికి శ్రమ అధికం. ఎక్కుడులో క్లచ్ ప్లేటు, దిగుడులో బ్రేకులు త్వరగా అరుగుతాయి. పరిమితికి మించిన బరువు వలన కమాను కట్టలు కుంగుతాయి. దిగుడులో తక్కువ గేరు వాడి, ఇంజను పట్టుతో వేగాన్ని అదుపు చేసిన డ్రైవరు చేతిలో బండి ఎక్కువ కాలం మన్నుతుంది. కనుక కొనదలచినవారు మీటరులోని కిలోమీటర్లను మాత్రమే నమ్మరాదు. చల్లారిన ఇంజనును తామే స్టార్టు చేసి, కొంత బరువుతో ఎత్తు ఎక్కించి, దింపి చూడాలి. ఆయిలు మార్పించిన, విడిభాగాలు వేయించిన రసీదులను భద్రపరచిన యజమానికి అవే సాక్ష్యం. జరిగిన మరమ్మతును దాచక చెప్పినవారికి ధర కొంత తగ్గవచ్చును గాని, మాటకు విలువ తగ్గదు.

తాళాలు అప్పగించిన తరువాత కూడా అమ్మినవారి బాధ్యత తీరదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, బండి రాష్ట్రంలోనే చేతులు మారితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. అందుకు 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. బండిపై ఫైనాన్సు ఉంటే బాకీ తీర్చి, 35వ ఫారంతో ఆ నమోదును తొలగించుకోవాలి. పొరుగున ఉన్న ఒడిశా వాసికి అమ్మితే నిరభ్యంతర పత్రం కావాలి. ఫిట్‌నెస్ గడువును చూసుకోవాలి. బీమాను కూడా కొత్త యజమాని పేరునకు మార్పించాలి.

తెలిసినవారే కదా అని కొందరు సంతకం చేసిన కాగితాలిచ్చి ఊరుకుంటారు. అందులోని ప్రమాదం చిన్నది కాదు. పేరు మారకుండానే పలువురి చేతులు మారిన ఒక వాహనం ప్రమాదానికి కారణమైన కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో చట్టం దృష్టిలో వారే యజమాని అనీ, నష్టపరిహారం వారే చెల్లించాలనీ నిర్ణయించింది. బండి ఎన్నడో చేజారినా భారం మాత్రం పాత యజమానిపైనే పడింది.

ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకొన్న బండిని అమ్మేవారు కాగితాల విషయంలోనూ అంతటి శ్రద్ధ చూపాలి. పేరు మారిన రోజుననే ఆ అమ్మకం పూర్తి అయినట్లు.