అపరిచితులతో కలిసి చేయు లెక్కలు

పిల్లవాడు పాఠ్యపుస్తకమును మూసిపెట్టి, ఊరు పేరు తెలియని వారెవరో పంపిన చిక్కు లెక్కతో గంటల తరబడి కుస్తీ పట్టుచున్నాడని కొందరు తల్లిదండ్రులు మాతో మొరపెట్టుకొనుచున్నారు. ఆ మొరలో న్యాయము లేకపోలేదు. ఐనను ఈ అలవాటు చేతిఫోనులతో పుట్టినది కాదనియు, మన చెన్నపట్టణమున నూరేండ్లకు పూర్వమే తపాలా ద్వారా సాగినదనియు తెలిసినచో వారి మనస్సు కొంత కుదుటపడునని మా నమ్మకము.

అనంతపురము జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా నుండిన వి. రామస్వామి అయ్యరు గారు గణితాభిమానులైన మిత్రులకు జాబులు వ్రాసిరి. విదేశీ గణిత పత్రికలను ఒక్కొక్కరు విడిగా కొనుట కష్టము. చందాలు వేసికొని తెప్పించినచో చేతులు మార్చుకొని అందరును చదువవచ్చును. ఈ ఆలోచనతో 1907లో వెలసిన సంఘమే ఇండియన్ మాథమెటికల్ సొసైటీ. అది తెలుగు గడ్డపై మొలకెత్తినదని మనము కొంచెము గర్వపడినను తప్పులేదు. తరువాత ఆ సంఘము నడిపిన పత్రికలో ప్రశ్నల కొక భాగముండెడిది. ఒకరు ప్రశ్న పంపుదురు. ముఖమైన ఎరుగని మరియొకరు ఏ దూరపు ఊరినుండియో సమాధానము పంపుదురు.

1911లో ఆ పత్రికకు శ్రీనివాస రామానుజన్ గారు ప్రశ్నలు పంపసాగిరి. అప్పటికి ఆయన కాలేజీ పరీక్ష తప్పినవారు. స్థిరమైన ఉద్యోగము లేనివారు. పోర్టు ట్రస్టులో గుమాస్తాగిరి దొరకినది 1912లో. ఆయన పంపిన వానిలో 289వ ప్రశ్న ఇట్లుండెను:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) విలువ ఎంత?

మూడు సంచికలు వెలువడినను ఎవ్వరును సమాధానము పంపలేదు. కడకు ప్రశ్న వేసినవారే బదులు చెప్పవలసివచ్చెను. విలువ 3.

ఇచ్చట పెద్దలు కూడ పెన్సిలు చేత బట్టవలెను. 3 అనగా 9కి వర్గమూలము. 9 అనగా 1 + 2×4. ఆ 4 అనగా 16కు వర్గమూలము. 16 అనగా 1 + 3×5. ఆ 5 అనగా 25కు వర్గమూలము. 25 అనగా 1 + 4×6. ఏ సంఖ్య వర్గమైనను దాని ఇరుగు పొరుగు సంఖ్యల లబ్ధమునకు 1 కలిపినంత యుండును. ఈ చిన్న సంగతి ఎనిమిదవ తరగతి పిల్లలకు తెలిసినదే. దానిని మడత విప్పినట్లు విప్పుచు పోయినచో పై గొలుసు వచ్చును.

గడుసు పిల్ల యొకతె వెంటనే అడ్డుపడును: "4తో మొదలుపెట్టి, 16 అనగా 1 + 2×7.5 అని వ్రాసి, 7.5ను కూడ అట్లే విప్పుచు పోరాదా?" అడిగినచో కసరకుడు. ఆమె ప్రశ్నయే అసలు ప్రశ్న. అంతములేని గొలుసునకు విలువ స్థిరపడునా యని ముందు తేల్చవలెను. గొలుసును 2 వద్ద త్రుంచిన 1.73, 3 వద్ద త్రుంచిన 2.24, 4 వద్ద త్రుంచిన 2.56 వచ్చును, అది 3 వైపే నడచుచున్నది. ఇట్టి గొలుసులు ఎప్పుడు స్థిరపడునో నిర్ణయించు నియమమును తరువాతి కాలమున టి. విజయరాఘవన్ గారు చూపిరి. ఆయనయే పిమ్మట చెన్నపట్టణపు రామానుజన్ గణిత సంస్థకు సంచాలకులైరి. రామానుజన్ గారంతటి వారి సమాధానమునకే మరియొకరు వచ్చి మిగిలిన పని చేయవలసివచ్చెను!

1913లో వెలువడిన 464వ ప్రశ్న ఇంకను దూరము పోయినది. 2ను 2తో మరల మరల గుణించి, అందుండి 7 తీసివేసినచో కొన్నిచోట్ల మాత్రమే వర్గసంఖ్య వచ్చును: 8−7=1, 16−7=9, 32−7=25, 128−7=121. పదునైదవ ఘాతమున 32,768−7=32,761; ఇది 181కి వర్గము. ఇతరములను కనుగొనుడని రామానుజన్ గారడిగిరి. 1920లో ఆయన మరణించిరి. ఇతరములు లేనే లేవని 1948లో ట్రిగ్వీ నాగెల్ అను నార్వే దేశీయుడు నిరూపించెను. వీరిద్దరు ఏనాడును కలిసికొనలేదు. నేడు ఆ సమీకరణమునకు ఇద్దరి పేర్లును కలిపి వాడుచున్నారు.

తెలుగు బడిలో చదివిన పిల్ల ఇట్టి గోష్ఠిలో నిలువగలదా యని కొందరు సందేహింతురు. మహావీరాచార్యుల గణిత గ్రంథమును పావులూరి మల్లన పద్యములలో తెనిగించి శతాబ్దములు గడచినవి. మా అనుభవమున పిల్లలను వెనుకకు లాగునది భాష కాదు, సిగ్గు. సగము తోచినది చెప్పిన నలుగురు నవ్వుదురేమో యను భయమున పలక బోర్లించుకొని కూర్చుండువారిని ఏటేట చూచుచున్నాము. 2009లో కేంబ్రిడ్జి ఆచార్యులు టిమొతీ గోవర్సు గారు ఒక కఠిన సిద్ధాంతమునకు క్రొత్త నిరూపణము వెదక రండని ఇంటర్నెట్టు ద్వారా అందరిని పిలిచిరి. సగము ఆలోచననైనను వెంటనే నలుగురి ముందుంచవలెననుట అచ్చటి నియమము. కొన్ని వారములలో దారి దొరకినది. వ్యాసమును ప్రకటించునపుడు అందరికిని కలిపి ఒకే కల్పిత నామము పెట్టుకొనిరి.

కావున ఫోనును పూర్తిగా లాగికొనకుడు. అట్లని పూర్తిగా వదలకుడు. పేరు, ఇల్లు, బడి అపరిచితులకు చెప్పరాదు. మొదట కాగితముపై తన ప్రయత్నము కనబడవలెను. అడిగినను సూచన యడుగవలెను గాని సమాధానము కాదు. క్షణములో వచ్చిపడు సమాధానమును నకలు వ్రాసికొనుట మాకెంతమాత్రము సమ్మతము కాదు.

ఆ 289వ ప్రశ్నకు రెండవ భాగము కలదు: √(6 + 2√(7 + 3√(8 + …))) విలువ ఎంత? దాని సమాధానము ఇక్కడ ముద్రింపలేదు. సగమే చేసికొని వచ్చిన వారికిని మా నల్లబల్లపై చోటుండును. తల్లిదండ్రులు వచ్చినను సుద్దముక్క ఇచ్చెదము.